మా తమ్ముడి గురించి ఊరు అనేసుకున్న మాట

విభాగం: ఇల్లూ ఊరూ › సంబంధాలు
పాత శీర్షిక: మా తమ్ముడు అలాంటివాడు కాదని ఎలా నిరూపించాలి?


మహేంద్రతనయ (పర్లాకిమిడి)
డిసెంబరు 27, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. ఊళ్ళో ఎవరితోనూ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను.

మా తమ్ముడికి 29 ఏళ్ళు. ఊళ్ళోనే రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. టెక్కలి వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. పెళ్ళిచూపులు బాగా జరిగాయి. పిల్లా వీడూ పెరట్లో అరగంట కూర్చుని మాట్లాడుకున్నారు. పిల్ల తల్లి వెళ్తూ వెళ్తూ మా అమ్మ చేతులు పట్టుకుని "మాఘంలో ముహూర్తం పెట్టించుకుందాం వదినా" అంది. నాలుగు రోజులు తిరక్కుండా ఫోన్ వచ్చింది, జాతకాలు కుదరలేదని. పెళ్ళిచూపులకి ముందే చూపించిన జాతకాలు అంతలో ఎలా చెడ్డాయని మధ్యవర్తిని గట్టిగా అడిగితే అసలు సంగతి చెప్పింది. పిల్ల మేనమామ వాకబుకి వచ్చి బస్టాండు దగ్గర టీ కొట్లో మావాడి పేరు చెప్పి అడిగాడట. అక్కడ ఎవడో ఒరియాలో "ఆ మాయిచియాగాడా?" అన్నాడట, ఆడంగి అని తిట్టు. ఇంకొకడు తెలుగులో "కాస్త తేడా బాబూ, చూసుకోండి" అన్నాడట. అంతే, సంబంధం పోయింది.

ఎందుకన్నారో నాకు తెలుసు. వాడి గొంతు సన్నం. నెమ్మదిగా నడుస్తాడు. వీధి చివర కుర్రాళ్ళతో నిలబడడు. ధనుర్మాసం వస్తే మా వాకిట్లో ముగ్గు వాడే పెడతాడు. అమ్మకి మోకాళ్ళు అరిగిపోయి వంగలేదు. నేను పెళ్ళయి రెండు వీధుల అవతలికి వచ్చేశాక ఆ పని వాడి చేతికి వచ్చింది. 21 చుక్క, 11 వచ్చేవరకు సందు చుక్క. తీగ మొదలెడితే మళ్ళీ మొదటి చుక్క దగ్గరికి వచ్చేదాకా పిండి ధార తెగనివ్వడు. అది చూసి మెచ్చుకున్నవాళ్ళే పక్కకి తిరిగి "ఆడంగి" అంటారు. వాడి ఆరో తరగతి నుంచి ఆ మాట మా వీధిలో తిరుగుతూనే ఉంది.

వాడు అలాంటివాడు కాదు. నా చేతుల్లో పెరిగాడు, నాకు తెలుసు. ఊరికి ఎలా నిరూపించాలి? ఎవరైనా దారి చెప్పండి.


ఇచ్ఛాపురం బాబు
డిసెంబరు 27, రాత్రి 10:52

అప్పా, ఏడవకు. ముందు ఆ ముగ్గు మాన్పించు. మీసం దట్టంగా పెంచమను, జిమ్ములో చేర్పించు, బండి మీద కూర్చున్న ఫొటోలు నాలుగు ఫేస్‌బుక్‌లో పెట్టించు. ఆర్నెల్లు ఆగి, విజయనగరం అవతల సంబంధం చూడండి. ఒక్క పిల్లాడు పుట్టాడంటే నోళ్ళన్నీ మూతపడతాయి. వెటకారం కాదు, మా వీధిలో ఒకరికి ఇలాగే చేశారు, పని చేసింది.


గుణుపురం మాస్టారు
డిసెంబరు 28, ఉదయం 6:20

అమ్మా, నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. నడక చూసి మనిషిని చెప్పేయడం మన వాళ్ళకి ఎప్పుడు పట్టుకుందో నాకు అంతుపట్టదు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా, చింతామణిగా రంగం మీదికి వచ్చేవారు. ఆయన చీరకట్టు చూడడానికి ఆడవాళ్ళు వచ్చేవారని మా నాన్నగారు చెప్పేవారు. 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు జడ ముందుకు వేసుకుని భామగా నిలబడితే జనం ఊపిరి బిగబట్టి చూశారు. మన గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం ఆడితే లీలావతి వేషం మగవాళ్ళు కట్టడమే ఆనవాయితీ. పూరీ వైపు గోటిపువా పిల్లలు కాటుక పెట్టుకుని, పూలు ముడుచుకుని దేవుడి ముందు ఆడతారు. ఇదంతా వేదిక మీద ఉంటే దండం పెడతాం, వాకిట్లో ముగ్గు పెడితే వెక్కిరిస్తాం. ఇదేం న్యాయం?

ఒక సంగతి చెప్తాను, ఇంతవరకు ఇంట్లో కూడా చెప్పలేదు. పదహారో ఏట బడి వార్షికోత్సవంలో హరిశ్చంద్రుడి కథ ఆడాం. చంద్రమతి నేను. శవదహనం ఘట్టంలో వచ్చినవాళ్ళందరూ ఏడ్చారు. మర్నాడు పర్లాకిమిడి వెళ్దామని మా చిన్న రైలు ఎక్కాను. అప్పుడది ఇరుకు పట్టాల బండి, పెట్టెలో మోకాళ్ళు మోకాళ్ళు తగిలేవి. రాత్రి నాటకం చూసిన పెద్దమనిషి ఒకాయన పక్కన నిలబడి నా నడుం గిల్లాడు. చెవిలో ఒక మాట అన్నాడు. ఆడవేషం చూసి నేనేమిటో తనకు తెలిసిపోయిందనుకున్నాడు. పెట్టె మూలకి జరిగి, కిటికీ చువ్వ పట్టుకుని, పర్లాకిమిడి వచ్చేదాకా వెనక్కి తిరగలేదు. మళ్ళీ వేషం కట్టలేదు. యాభై ఏళ్ళు దాటింది, ఆ చువ్వ చల్లదనం ఇంకా అరచేతిలో ఉంది.

మీ తమ్ముడు అలాంటివాడు అయ్యుండడమ్మా. ధైర్యంగా ఉండండి.


గోపాల్‌పూర్ కెరటం (బరంపురం)
డిసెంబరు 28, ఉదయం 8:05

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కళ్ళు చెమర్చాయి. ఆఖరి వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను.

ఇక్కడ ఇప్పటికి ముగ్గురు రాశారు. ముగ్గురి ఓదార్పూ ఒకటే, "అలాంటివాడు కాదు". నేను అలాంటివాణ్ణే. వయసు 34, లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పని. గుబురు మీసం. నేను పిలిస్తే వీధి చివరికి వినిపిస్తుంది. ఆదివారం మ్యాచుల్లో వికెట్ కీపర్ని. నాకు మనసు పడేది మగవాళ్ళ మీదే, పదమూడో ఏట నుంచి తెలుసు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్కడూ అనుమానించలేదు.

మూడేళ్ళ కిందట మా ఆఫీసులోకి కొత్త గుమస్తా వచ్చాడు. మెత్తగా మాట్లాడే కుర్రాడు. టీ టైములో ఒకడు లేచి నడుం తిప్పి అతనిలా నడిచి చూపించాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. నవ్వకపోతే నా మీద కన్ను పడుతుందేమోనని భయం. ఆ కుర్రాడు సగం తాగిన గ్లాసు కింద పెట్టి, అప్పటికే సర్దేసి ఉన్న బిల్లుల కట్ట విప్పి మళ్ళీ మొదటి నుంచి సర్దడం మొదలెట్టాడు. నెల నిండకుండా మానేశాడు. తర్వాత తెలిసింది, ఒక అమ్మాయిని నాలుగేళ్ళు ప్రేమించి ఇంట్లో ఒప్పించుకుని పెళ్ళి చేసుకున్నాడట. ఆ గదిలో ఉన్న "అలాంటివాడు" నేను. ఏడిపించింది అతన్ని. ఆ కుర్రాడికి క్షమాపణ చెప్పుకోవాలని ఉంది, నంబరు దొరకలేదు.

మహేంద్రతనయ గారూ, నేరం చేశాడంటే కదా చెయ్యలేదని నిరూపించాలి? 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీలూ ఒక్క మాటగా చెప్పేశారు, ఇష్టపడ్డ ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య ప్రేమ నేరం కాదని. ఆ రోజు ఛత్రపూర్ దగ్గర మా లారీ ఆగిపోతే మెకానిక్ కోసం ఎండలో నిలబడి ఫోన్లో ఆ వార్త చదివాను. డ్రైవర్ "ఏంటి సార్, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా?" అని భయపడ్డాడు, అంతలా ఏడ్చాను.

మీ తమ్ముడు కాకపోవచ్చు. అయి ఉండొచ్చు. అది మీరూ నేనూ తేల్చేది కాదు. "మావాడు అలాంటివాడు కాదు" అని మీరు ఊరంతా చెప్పుకుంటే, ఒకవేళ అయితే మాత్రం జన్మలో మీతో చెప్పుకోలేడు. కాకపోయినా, అలా అయితే మా అప్ప నన్ను వదిలేసేదన్నమాట అని వాడికి తెలిసిపోతుంది.


ఇచ్ఛాపురం బాబు
డిసెంబరు 28, ఉదయం 9:30

అన్నా, తెలియక అడుగుతున్నాను, తప్పుగా అనుకోకు. చూస్తే తెలియదంటున్నావు, మరి మీలాంటివాళ్ళని ఎలా గుర్తుపట్టడం? ఇద్దరు మగవాళ్ళు కలిసి ఉంటే మొగుడెవరు, పెళ్ళామెవరు? ఇంకొకటి, నీతో ఒకే గదిలో పడుకోవాల్సి వస్తే నేను భయపడాలా?


గోపాల్‌పూర్ కెరటం
డిసెంబరు 28, మధ్యాహ్నం 1:10

బాబూ, ముఖాన అడిగావు, నాకు సంతోషం. వెనకాల అనుకునేవాళ్ళే ఎక్కువ.

గుర్తుపట్టడం ఉండదు. మనిషి చెప్తే తెలుస్తుంది, అదీ నమ్మినవాళ్ళకే చెప్తాడు. ఇద్దరు మగవాళ్ళు ఉంటే ఇద్దరూ మగవాళ్ళే. మా ఇంట్లో ఎవరు ముందు ఇంటికి చేరితే వాళ్ళు బియ్యం కడుగుతారు. పప్పులో పోపు నాది బాగుంటుంది, చేపల పులుసు అతనిది. ఇంటి ఓనరుకి మేం అన్నదమ్ముల పిల్లలం అని చెప్పాం. పెళ్ళి చేసుకునే హక్కు మాకు లేదని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రేపు నేను ఆసుపత్రిలో పడితే సంతకం పెట్టడానికి అతను నాకు చట్టప్రకారం ఏమీ కాడు. మాకు నిద్ర పట్టనివ్వనిది ఈ సంగతి. మొగుడెవరు పెళ్ళామెవరు అన్నది కాదు.

ఇక గది సంగతి. నీకు ఆడవాళ్ళంటే ఇష్టం. బస్సులో పక్కన కూర్చున్న ప్రతి ఆడమనిషి నిన్ను చూసి భయపడాలా? మాస్టారి నడుం గిల్లినవాడు చేసింది దౌర్జన్యం. అది ఆడవాళ్ళ మీద చేసినా మగవాళ్ళ మీద చేసినా దౌర్జన్యమే. దాన్ని ప్రేమతో కలిపి ఒక మూట కట్టకు తమ్ముడూ.


భంజనగర్ రావు
డిసెంబరు 28, సాయంత్రం 5:45

నా వయసు 71. మా కాలంలో ఇలాంటివి లేవు. సెల్‌ఫోన్లూ పట్నం చదువులూ తెచ్చిన వింతలు ఇవి. తండ్రి అదుపు లేని పిల్లలూ, చిన్నప్పుడు ఎవరో చెడగొట్టిన పిల్లలూ ఇలా తయారవుతారని విన్నాను. మంచి డాక్టరుకి చూపిస్తే నయం కాదా? పిల్లల మేలు కోరే అడుగుతున్నాను.


తెల్లకోటు తులసి (బరంపురం)
డిసెంబరు 28, రాత్రి 11:20

రావు గారూ, నేను మానసిక వైద్య విభాగంలో నర్సుని. డ్యూటీ దిగి రాస్తున్నాను.

ఇది జబ్బు కాదండీ, కాబట్టి నయం చేయడానికి ఏమీ లేదు. అమెరికా మనోవైద్యుల సంఘం 1973లోనే దీన్ని జబ్బుల పట్టికలోంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తీసేసింది. ఈ వివక్షకి వ్యతిరేకంగా ఏటా మే 17న సభలు జరిగేది అందుకే. మన దేశపు మనోవైద్యుల సంఘం కూడా 2018లో ఇదే మాట చెప్పింది. మారుస్తామని మందులూ కరెంటు షాకులూ ఇచ్చే డాక్టర్లది వృత్తి దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. ఇంకా కొందరు ఇస్తున్నారు, డబ్బు తీసుకుంటున్నారు. దయచేసి ఎవరినీ అలాంటి చోటికి పంపకండి. తండ్రి కొట్టకపోతే ఇలా అవుతారన్న మాటకి ఆధారమే లేదు. కొట్టి పెంచిన ఇళ్ళ నుంచీ, ముద్దుగా పెంచిన ఇళ్ళ నుంచీ, అన్ని రకాల ఇళ్ళ నుంచీ వస్తారు.

మీ కాలంలోనూ ఉన్నారు. చెప్పుకునే వీలు లేదంతే. దీన్ని నేరం చేసిన 377 సెక్షన్ ఇంగ్లీషువాళ్ళు 1860లో రాసిపెట్టింది. పరాయి దేశం నుంచి వచ్చింది ఏదైనా ఉంటే ఆ శిక్షే.

ఈమధ్య ఒక తండ్రి పందొమ్మిదేళ్ళ కొడుకుని తీసుకొచ్చాడు. (వివరాలు మార్చాను.) "వీడు ఆడపిల్లలా ఏడుస్తున్నాడు, అన్నం తినడు, తేడా వచ్చేసిందని ఊరంతా అంటోంది, మార్చండి" అన్నాడు. పిల్లాడు తల దించుకుని చొక్కా గుండీ తిప్పుతూ కూర్చున్నాడు. డాక్టరు గారు తండ్రిని బయటికి పంపి, ఎందుకు ఏడుస్తున్నావు నాన్నా అని అడిగారు. మూడు నెలల కిందట ఋషికుల్యలో ఈతకెళ్ళి వాడి స్నేహితుడు మునిగిపోయాడు. వీడు గట్టు మీద ఉన్నాడు. మూడు నెలల్లో ఆ ప్రశ్న వాణ్ణి అడిగిన మొదటి మనిషి డాక్టరు గారు. ఇంటిల్లిపాదీ వాడు ఆడంగా కాదా అన్న చర్చలో ఉండిపోయారు.

ఇంకొక్కటి. మన ఊళ్ళలో మూడు వేరు వేరు సంగతులకి ఒకే తిట్టు వాడేస్తారు. ఒకరి నడక, గొంతు, అలవాట్లు ఒక సంగతి. తాను ఆడా మగా అన్నది తన లోపల తనకు తెలిసే తీరు రెండో సంగతి. 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ల గురించి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దాని మీద. ఎవరి మీద మనసు పడుతుందన్నది మూడోది, 2018 తీర్పు దాని మీద. మొదటిది చూసి మూడోది చెప్పేయడం, చెప్పుల సైజు చూసి బ్లడ్ గ్రూపు చెప్పడం లాంటిది.

ఎవరికైనా గుండె బరువుగా ఉంటే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిది, ఉచితం, ఏ వేళలోనైనా పలుకుతారు. తెలుగులోనూ ఒరియాలోనూ మాట్లాడొచ్చు.


రాయగడ కోచ్
డిసెంబరు 29, ఉదయం 7:00

ఆడవాళ్ళ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. ఆడపిల్లలకి పరుగు నేర్పిస్తాను. జుట్టు పొట్టి, ప్యాంటూ చొక్కా, బుల్లెట్ బండి, 36 వచ్చినా పెళ్ళి కాలేదు. ఇంకేముంది, తీర్మానం అయిపోయింది. ఒక తల్లి తన కూతుర్ని నా శిక్షణ మాన్పించింది. పేరు పెట్టి ఏమీ అనలేదు, "రోజులు బాగోలేవు మేడం" అంది. ఆ పిల్ల 400 మీటర్లు చూడముచ్చటగా పరుగెత్తేది. నాకు పెళ్ళి కాకపోవడానికి కారణం మా నాన్న పక్షవాతం, నా జీతం మీద నడిచే ఇల్లు. నాకు మగవాళ్ళంటేనే ఇష్టం. ఈ మాట ఆ తల్లితో చెప్పాలని నోటిదాకా వచ్చి ఆగింది. చెప్తే నా పని సర్దుకుంటుంది. రేపు నిజంగా ఆడవాళ్ళని ప్రేమించే కోచ్ ఒకామె వస్తే, ఆమె దగ్గరికి పిల్లల్ని పంపకపోవడం సబబే అని నేనే ఒప్పుకున్నట్టవుతుంది.

మన ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్‌నే చూడండి. జాజ్‌పూర్ జిల్లాలో నేతపని ఇంట్లో పుట్టింది. 2014లో ఒంట్లో టెస్టోస్టెరాన్ అనే హార్మోను ఎక్కువుందని పోటీలకి దూరం పెట్టారు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్తే 2015లో ఆ నియమం ఆగింది. 2018 ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్లలో రెండు రజతాలు. 2019 మేలో తాను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని లోకానికి చెప్పింది. మా మైదానంలో అప్పుడు విన్న మాట ఇది: "హార్మోన్ తేడా కదా, అందుకే." రక్తంలో హార్మోనుకీ ఆ ప్రేమకీ ముడి ఎవరు వేశారు? పొడుగు జడా, పట్టీలూ, అన్ని హార్మోన్లూ కొలత ప్రకారం ఉండి, ఆడవాళ్ళని ప్రేమించే స్త్రీలు ఎంతమందో ఉన్నారు. వాళ్ళ మీద ఎవరికీ అనుమానం రాదు కాబట్టి వాళ్ళ గోడు ఎవరికీ వినపడదు.


రెండు రెమ్మలు (కోరాపుట్)
డిసెంబరు 29, ఉదయం 10:40

నాకు ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇద్దరూ నచ్చుతారు. మా ఆయనకి పెళ్ళికి ముందే చెప్పాను. ఆయన తీసుకున్నంత తేలిగ్గా స్నేహితులు తీసుకోలేదు. "ఇంకా తేల్చుకోలేదన్నమాట" అని ఒకరు, "అయితే ఎప్పుడో ఒకప్పుడు వదిలేస్తావు" అని ఇంకొకరు. తొమ్మిదేళ్ళయింది పెళ్ళయి. తేల్చుకునే ఉన్నాను, ఇంట్లోనే ఉన్నాను.


జయపురం ఆడపడుచు
డిసెంబరు 29, రాత్రి 9:15

ఇచ్ఛాపురం బాబు గారూ, "ఒక్క పిల్లాడు పుడితే నోళ్ళు మూతపడతాయి" అన్నారు. ఆ సలహా ప్రకారం జరిగిన పెళ్ళిలో పెళ్ళికూతుర్ని నేను. అందుకే రాస్తున్నాను.

మా సంబంధం చూసినప్పుడు అతని గురించి అందరూ అన్నది ఒకటే మాట, "మగాడంటే వాడురా". ఆరడుగులు, కబడ్డీ జట్టు కెప్టెను, గట్టి గొంతు. వాకబులో వంక దొరకలేదు. దొరకదు కదా, వాకబు చేసేవాళ్ళు వెతికేది వేరే గుర్తులు. పెళ్ళయ్యాక రోజూ రాత్రి ఏదో ఒక పని పెట్టుకుని డాబా మీదికి వెళ్ళేవాడు. నాలో లోపం అనుకున్నాను. కొత్త చీరలు కట్టాను, ఉపవాసాలు చేశాను. అత్తగారు నాకు ఏవో పసర్లు తాగించింది. ఏడో నెలలో ఒక రాత్రి మంచినీళ్ళు పట్టుకుని పైకి వెళ్ళాను. నీళ్ళ ట్యాంకుకి వీపు ఆనించి, నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడుస్తున్నాడు. అంత మనిషి. కింద చప్పుడు వినపడకూడదని తువ్వాలు. నన్ను చూసి కాళ్ళ మీద పడబోయాడు. "నీ జీవితం పాడు చేశాను. ఇంట్లో చెప్పాను, పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయన్నారు" అన్నాడు.

ఇంట్లో తెలుసు. తెలిసి చేశారు. నా కోపం వాళ్ళ మీద, అతని మీద కాదు. నన్ను మందు సీసా అనుకున్నారు.

పరస్పర అంగీకారంతో విడిపోయాం. కారణం నేను ఎవరికీ చెప్పలేదు, అది అతను చెప్పుకోవాల్సింది. దానికి ఊరు తన కథ అల్లుకుంది. నాకు పిల్లలు పుట్టరని కొందరు, ఎవడితోనో సంబంధం ఉందని కొందరు. అతనింకా వాళ్ళకి మగాడే. పన్నెండేళ్ళయింది. ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉన్నాడు, సంక్రాంతికి ఫోన్ చేస్తాడు, మా అమ్మ ఆరోగ్యం అడుగుతాడు.

మహేంద్రతనయ గారూ, మీరు తొందరపడి ఒక పిల్లని తెచ్చి ఊరి నోరు మూయించే ముందు ఆ పిల్ల గురించి ఒక్క రాత్రి ఆలోచించండి. మీ తమ్ముడు కోరి చేసుకుంటే పది మందిని పిలిచి చేయండి, నేనూ వచ్చి అక్షింతలు వేస్తాను.


ఇచ్ఛాపురం బాబు
డిసెంబరు 29, రాత్రి 9:50

అమ్మా, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. మా వీధిలో పని చేసిందని రాశాను. ఆ ఇంటి కోడలితో నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె ఎలా ఉందో నాకు తెలియదు.


గుణుపురం మాస్టారు
డిసెంబరు 30, ఉదయం 5:50

కెరటం బాబూ, నా ఆఖరి వాక్యం తప్పు. ఒప్పుకుంటున్నాను.

మాట గురించి ఒకటి చెప్పాలి. పత్రికల్లో "స్వలింగ సంపర్కులు" అని రాస్తారు, నేనూ పాఠాల్లో అలాగే చెప్పాను. నిన్న మీ ఇంటి బియ్యం, పోపు, చేపల పులుసు చదివాక ఆ మాట నాకు ఎబ్బెట్టుగా తోచింది. ఒక మనిషి బతుకంతటినీ పడక దగ్గరికి కుదించే మాట అది. మమ్మల్ని ఎవరైనా "పరలింగ సంపర్కులు" అని పిలిస్తే ఊరుకుంటామా? స్వలింగ ప్రేమికులు అనడం నయం. "తేడా" అన్నది సినిమాల్లో నవ్వుల కోసం వాడి వాడి మన నాలుకకి అంటించిన మాట. దాన్ని వదిలించుకోవాలి.

గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పే రోజుల్లో సవర భాష నేర్చుకోవాలనుకున్నారు. అప్పటికి దానికి పుస్తకం లేదు, నిఘంటువు లేదు. సవరలది ఏదో మోటు భాష అని ఊళ్ళో పండితుల అంచనా. ఆయన ఆ అంచనా నమ్మలేదు. సవర తెలిసినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని, అతని నోటి నుంచి విని ఒక్కొక్క మాటే రాసుకున్నారు. అలా విన్నారు కాబట్టే వ్యాకరణమూ నిఘంటువూ రాయగలిగారు. ఒక భాష సంగతి తెలియాలంటేనే మాట్లాడేవాడి నోట వినాలి. మనిషి మనసు సంగతి టీ కొట్లో ఎలా తెలుస్తుంది?


టెక్కలి కబురు
డిసెంబరు 30, మధ్యాహ్నం 12:15

[ఈ వ్యాఖ్యను తొలగించాం]

వేదిక నిర్వహణ
డిసెంబరు 30, మధ్యాహ్నం 12:40

పై వ్యాఖ్యలో ఆ తమ్ముడు ఏ ల్యాబులో పని చేస్తారో, ఆయన "నిజంగా ఎవరో" ఊహించి రాశారు. ఇక్కడ ఎవరి ఆనవాళ్ళూ ఆరా తీయకూడదు. ఎవరి లైంగికత మీదా పందేలు కట్టకూడదు. మళ్ళీ రాస్తే ఖాతా ఆపేస్తాం.


భంజనగర్ రావు
డిసెంబరు 31, తెల్లవారుజాము 4:30

నాకు ఇంకా పూర్తిగా ఒప్పుదల కాలేదు. 71 ఏళ్ళ నమ్మకం మూడు రోజుల్లో కదలదు. అయితే తులసి గారి మాటలు చదివాక మా పెదనాన్న కొడుకు గుర్తొచ్చాడు. పెళ్ళి వద్దు వద్దు అని, మేమంతా బలవంతం చేస్తే ముహూర్తానికి వారం ముందు ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. సన్యాసంలో కలిశాడని కొందరు, సూరత్ మిల్లుల్లో ఉన్నాడని కొందరు. ఎందుకు వద్దన్నాడో మేం అడగలేదు. పొగరు అనుకున్నాం. వాడూ నేనూ ఒకే కంచంలో తిన్నవాళ్ళం. ఇప్పుడు వాడికి 73 ఉండాలి, ఉంటే.


గోపాల్‌పూర్ కెరటం
డిసెంబరు 31, ఉదయం 7:15

రావు గారూ, ఆయన కారణం ఏదైనా కావచ్చు, మనం ఊహించొద్దు. మీరు తలుచుకున్నారు, అది చాలు. వీలైతే సూరత్‌లో వాకబు చేయండి. మన గంజాం వాళ్ళు అక్కడ వీధి వీధికీ ఉన్నారు. నాకు తెలిసిన లారీ డ్రైవర్లని కూడా అడుగుతాను.


మహేంద్రతనయ (పర్లాకిమిడి)
జనవరి 2, రాత్రి 10:30

ఇన్ని రోజులు రాయలేదు, అన్నీ చదువుతూనే ఉన్నాను.

నిన్న తెల్లవారుజామున అయిదుకి అమ్మ ఇంటికి వెళ్ళాను. వాడు వాకిట్లో కూర్చుని తీగ లాగుతున్నాడు. పక్కన నిలబడి ఫోన్ టార్చి పట్టుకున్నాను. "నువ్వు అలాంటివాడివా?" అని అడుగుదామని దారి పొడుగునా అనుకుంటూ వెళ్ళాను. తీరా అక్కడికి వెళ్ళాక, "నీకు ఏం కావాలిరా?" అన్నాను. వాడు తల ఎత్తలేదు. తీగ మధ్యలో ఆపకూడదు కదా, మొదటి చుక్క దగ్గరికి తెచ్చి కలిపి, చేతికి అంటిన పిండి దులుపుకుని అప్పుడు మాట్లాడాడు.

టీ కొట్టు మాట వాడికి ముందే తెలుసట. "ఆ మాట కొత్త కాదప్పా. నువ్వు మధ్యవర్తి దగ్గర ఏడుస్తూ 'మావాడు అలాంటివాడు కాదండీ, అమ్మవారి మీద ఒట్టు' అన్నావే, గోడ అవతల ఉన్నాను. ఒట్టు వేసే ముందు నన్ను ఒక్క మాట అడగాల్సింది" అన్నాడు.

ఆ తర్వాత గుమ్మంలో కూర్చుని తెల్లగా తెల్లారేదాకా మాట్లాడుకున్నాం. ఏం చెప్పాడో ఇక్కడ రాయను. అవునని గానీ కాదని గానీ రాయను, ఇన్‌బాక్సులో అడిగినవాళ్ళకి కూడా చెప్పను. మధ్యవర్తికి ఫోన్ చేసి, ఇక మీదట వాడితో మాట్లాడకుండా ఏ సంబంధమూ తేవద్దని చెప్పాను.

మా ఎదురింట్లో ఒక టీచరమ్మ ఉంది. ఒక స్నేహితురాలితో కలిసి ఉంటుంది. వాళ్ళ గురించి నేను మా తోటికోడలితో ఏమన్నానో నాకు గుర్తుంది. రేపు సంక్రాంతికి అరిసెలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్తున్నాను. పిండి వంటలు ఇవ్వడానికి, ఇంకేమీ అడగడానికి కాదు.

నిర్వహణ వారూ, ఈ చర్చ శీర్షిక మార్చగలరా? అందులో "కాదని" అన్న మాటా, "నిరూపించాలి" అన్న మాటా ఉండకూడదు. వాడు ఇది చదివినా చదవచ్చు.


వేదిక నిర్వహణ
జనవరి 3, ఉదయం 9:05

మార్చాం. పాత శీర్షికను వేదిక నిబంధనల ప్రకారం వారం రోజులు కింద చిన్న అక్షరాల్లో చూపించాలి. ఆ తర్వాత అదీ తీసేస్తాం.